నూటికి నూట ఇరవై ఆరు

సోమలింగం మాస్టారి గొంతు పాతికేళ్ల సర్వీసులో ఒక్కసారీ పెద్దది కాలేదు. ఆ ఫిజియోథెరపీ కాలేజీలో ఆయన వెన్నెముక పాఠం చెబుతుంటే రెండో బెంచీ దాకా వినిపించేది. మూడో బెంచీ వాళ్లు ఊహించుకోవలసిందే. ప్రిన్సిపాల్ గది ముందు నిలబడితే తలుపు తట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆయనకి పావుగంట పట్టేది. ఈలోగా ప్రిన్సిపాలే ఏదో పని మీద బయటికి వచ్చేవాడు కాబట్టి ఉద్యోగం జరిగిపోతూ వచ్చింది. హాజరు పట్టీ మొదలుకొని సెలవు చీటీ దాకా ఏదైనా సరే పెన్సిలుతోనే రాసేవాడు, ఎవరైనా కాదంటే చెరిపెయ్యడానికి వీలుగా ఉంటుందని. అలాంటి మనిషిని, పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెంచే పథకానికి సమన్వయకర్తగా వేశారు. ఎందుకంటే, వద్దని చెప్పగలిగిన వాళ్లంతా అప్పటికే వద్దని చెప్పేశారు.

పథకం యూనివర్సిటీ నుంచి ఊడిపడింది. కాగితంలో ఇలా ఉంది: "థెరపీ విద్యార్థులకు స్వదేశమున రోగులు, భాష, భోజనము పరిచితములగుటచే, ఆత్మవిశ్వాసము పెంపొందుటకు తగినన్ని ఇబ్బందులు లభ్యమగుట లేదు. కావున ఆఖరి సంవత్సర విద్యార్థులు ఇతర వృత్తుల విద్యార్థులతో కలసి విదేశమున ఆరు దినములు సేవ చేయవలెను. యాత్రకు ముందును, తరువాతను వారి ఆత్మవిశ్వాసమును కొలువవలెను. పెరుగుదల ముప్పది మార్కులకు తగ్గినచో పట్టా నిలుపుదల చేయబడును." కింద సంతకం: పరాంకుశం, ప్రత్యేకాధికారి, విశ్వాస వికాస విభాగం.

కొలవడానికి ఒక పత్రం కూడా జతచేశారు. అందులో ఇరవై వాక్యాలు. 'మంచం మీది రోగిని సురక్షితంగా లేపి నిలబెట్టగలను', 'పరాయి దేశస్థులతో ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడగలను', ఇలా ఉంటాయి. ఒక్కోదాని ఎదురుగా సున్నా నుంచి ఐదు దాకా అంకెలు. ఎవరికి ఎంత ధైర్యం ఉంటే అంత అంకె చుట్టూ గీత గియ్యాలి. మొత్తం నూరు. తేదీకి ఒక గడి పెట్టాలన్న ఆలోచన మాత్రం యూనివర్సిటీకి తట్టలేదు. పత్రం పైన 'ముందు' అనో 'తరువాత' అనో రాసే బాధ్యత సమన్వయకర్తది. సోమలింగం మాస్టారు పెన్సిలు చెక్కుకున్నాడు.

ఆఖరి సంవత్సరం పిల్లలు పదిమంది. మన పిల్లలకి ఎల్‌కేజీ నుంచీ వచ్చిన విద్య ఒక్కటే. కాగితం మీద నూటికి అని కనిపిస్తే నూరూ తెచ్చుకోవడం. ఇది పరీక్ష కాదు, మీ మనసులో మాట అని మాస్టారు రెండో బెంచీ దాకా వినిపించేలా చెప్పాడు. ఒకడు అడిషనల్ షీటు అడిగాడు. ఇంకొకడు తన ఆత్మవిశ్వాసం ఎంతో తేల్చుకోలేక పక్కవాడి కాగితంలోకి చూసి రాశాడు. తొందరలో ఒక వాక్యం వదిలేసి తొంభయ్యయిదు తెచ్చుకున్న కుర్రవాడి తండ్రి మర్నాడు పొద్దున్నే వచ్చి, మావాడికేం ధైర్యం తక్కువ, రీవాల్యుయేషన్ చెయ్యండని వరండాలో బైఠాయించాడు. చేశారు. మొత్తానికి తొమ్మిదిమందికి నూటికి నూరు.

పదో పిల్ల నూకరత్నానికి తొంభయ్యారు. పంతొమ్మిది వాక్యాలకి ఐదేసి, ఇంగ్లీషు దగ్గర మాత్రం ఒకటి. అదీ ఒకటి ఎందుకంటే 'గుడ్ మార్నింగ్' వచ్చు కాబట్టి.

వెంట వెళ్లే అధ్యాపకులు కూడా పత్రం నింపాలన్నారు. పద్నాలుగో వాక్యం 'పైవారిని అడగకుండా సొంతంగా నిర్ణయం తీసుకోగలను' అని ఉంది. దానికి ఏ అంకె చుట్టమంటారని సోమలింగం మాస్టారు ప్రిన్సిపాల్‌ని అడిగాడు. ప్రిన్సిపాల్ జనార్దనం గారు కాసేపు ఆలోచించి సున్నా అన్నాడు. మాస్టారు పెన్సిలుతో సున్నా చుట్టాడు.

వారం తిరక్కుండా పరాంకుశం గారే స్వయంగా కారు దిగాడు. పత్రాల కట్ట బల్ల మీద పెట్టి, చాలాసేపు విచారంగా చూశాడు.

"జనార్దనం గారూ, విశ్వాసము ఈ మేరకు సమృద్ధిగా ఉన్నచో యాత్రకు ప్రాతిపదికయే లోపించుచున్నది. నూరు మీద ముప్పది ఏ దిక్కున పెరుగును?"

"అయితే యాత్ర రద్దు చేద్దామాండీ?" అన్నాడు ప్రిన్సిపాల్.

"రద్దు చేయుటకు నియమములు అంగీకరించవు. ముందుగా లోటు సృష్టింపవలెను. ఈ పత్రములు రద్దుపరచి, మూడు వారముల అధైర్య శిక్షణ నిర్వహించి, తిరిగి కొలిచి, అటుపిమ్మట బయలుదేరుడు."

పిల్లలకి ఒక్క పూటలో విషయం అర్థమైపోయింది. ఈసారి తక్కువ వచ్చినవాడిదే ఫస్టు ర్యాంకు. అంతే, మళ్లీ పుస్తకాలు తెరిచారు. బస్టాండు ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటరు వాళ్లు 'ఇరవై రోజుల్లో సున్నా' అని బోర్డు కట్టారు. పొద్దున వణుకు, మధ్యాహ్నం తడబాటు, సాయంత్రం మోడల్ పరీక్ష. ఒక తల్లి వరండాలో కూర్చుని, మా అమ్మాయికి ఎంత చదివించినా ఇంకా మూడు దగ్గరే ఆగిపోయిందండీ, ఎదురింటి వాళ్లబ్బాయికి అప్పుడే సున్నా అట, ఏం తిండి పెడుతున్నారో అని వాపోయింది. తొమ్మిదిమందీ సున్నాకీ నాలుగుకీ మధ్య సర్దుకున్నారు. మొదట వచ్చినవాడి ఫొటోతో, 'అధైర్యంలో కళాశాల ప్రథముడు' అని గేటు మీద ఫ్లెక్సీ లేచింది. దాని కింద నిలబడి సెల్ఫీ తీసుకోవడానికి వాడు ఏమాత్రం భయపడలేదు.

నూకరత్నానికి మళ్లీ తొంభయ్యారే వచ్చింది. ఆ పిల్ల తండ్రి రైల్వే గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. ఆయన్ని మంచం మీద నుంచి లేపడం, కూర్చోబెట్టడం ఆమెకి పన్నెండో ఏట నుంచే అలవాటు. విశాఖపట్నంలో ఒక ఆస్పత్రివాళ్లు ఉద్యోగం ఇచ్చి, ఒకటో తారీకుకి పట్టాతో రమ్మన్నారు. ఇంట్లో సంపాదించే చేతులు ఇక ఆమెవే. పట్టా ఆగితే ఉద్యోగం ఇంకొకరిది. ఆ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు, అందుకే ఆమె ధైర్యం తగ్గించే పని ప్రత్యేకంగా సోమలింగం మాస్టారికి అప్పగించారు.

"ఈ ఒక్క వాక్యానికి సున్నా చుట్టకూడదా అమ్మా?" అని బతిమాలాడు ఆయన. "లేపి నిలబెట్టలేను అని."

"నిలబెట్టలేనని ఎలాగ రాసెస్తాను సార్? రోజూ నిలబెడుతున్నాను కదా."

"ఉత్తుత్తినే రాయమ్మా."

"ఉత్తుత్తినే రాసినదానికి ఇచ్చిన పట్టా కూడా ఉత్తుత్తిదే అయిపోద్ది కదా సార్."

శిక్షణ ప్రణాళిక ప్రకారం అధ్యాపకుడు విద్యార్థి కళ్లలోకి చూసి, రోజుకి మూడుసార్లు 'నీ వల్ల కాదు' అనాలి. మాస్టారు గోడ మీది అస్థిపంజరం పటాన్ని చూస్తూ, "నీ వల్ల కాదమ్మా, ఏమీ అనుకోకు" అన్నాడు. మూడోసారి అనేసరికి ఆయనకి చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. నూకరత్నం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తల కాసేపు కిందికి వంచమని చెప్పి, పక్కనే ఉన్న ఓపీలోకి వెళ్లిపోయింది. అక్కడ కూర్మయ్య అనే ముసలాయన ఎదురుచూస్తున్నాడు. జనపనార మిల్లులో పనిచేసి దిగిపోయిన మనిషి, నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నూకరత్నం వచ్చాకే లేచాడు. ఆ రోజు కమ్మీలు పట్టుకుని పదకొండు అడుగులు వేశాడు. మాస్టారు తలవంచుకునే, చప్పుడు వింటూ లెక్కపెట్టాడు.

పరాంకుశం గారి తీర్పు పోస్టులో వచ్చింది: "సదరు విద్యార్థిని తొంబదియారుతో బయలుదేరుటకు అభ్యంతరము లేదు. అయితే తిరిగి వచ్చునప్పటికి నూట ఇరువది యారు చూపవలెను."

ప్రిన్సిపాల్ ఫోను చేసి, "నూటికేనాండీ?" అని అడిగాడు.

"నూటికే. నియమము ముప్పది పెరుగుదలను కోరుచున్నదే గాని, పైకప్పును ఎచ్చటను పేర్కొనలేదు."

విదేశమంటే నేపాల్ అని తేల్చారు, వీసా అక్కర్లేదు, సరిహద్దు దాకా రైలు వెళ్తుంది. ఇతర వృత్తులకి కూడా దూరం పోనక్కర్లేకపోయింది. కాలేజీ ఛైర్మన్‌గారికి ఇంకా మూడు కాలేజీలున్నాయి. హోటల్ మేనేజ్‌మెంట్ నుంచి ఒకణ్ని, అగ్నిమాపక డిప్లొమా నుంచి ఒకణ్ని, పశువైద్యం పాలిటెక్నిక్ నుంచి కళావతి అనే పిల్లనీ కలిపారు. పరాంకుశం గారు పరిశీలకుడి హోదాలో ఉన్ని టోపీ కొనుక్కున్నాడు.

కొండ మీద ఒక చిన్న ఆరోగ్య కేంద్రం. దాని గోడకి కార్యక్రమం అంటించారు. మొదటిరోజు భయం, రెండోరోజు వణుకు, మూడోరోజు తొలి చిరునవ్వు, నాలుగోరోజు తొలి స్పర్శ, ఐదోరోజు ధైర్యం, ఆరోరోజు గ్రూపు ఫొటో. తొమ్మిదిమందీ కార్యక్రమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. చిక్కేమిటంటే, మూడు వారాల సాధన ఎముకల్లోకి దిగిపోయింది. మొదటిరోజు ఒక అవ్వ మోకాలు చూపిస్తే నలుగురు కలిసి వెనక్కి నడిచారు. జ్వరం చూడమంటే థర్మామీటరు చేతిలో గలగల కొట్టుకుంది. ఆ అవ్వే జాలిపడి, వాళ్లలో బాగా వణుకుతున్నవాడికి చలేస్తోందనుకుని తన శాలువా కప్పింది. పరాంకుశం గారు పుస్తకంలో, 'వణుకు ఒక దినము ముందుగనే సాధింపబడినది' అని రాసుకున్నాడు.

నూకరత్నానికి కార్యక్రమం వర్తించదు, నూట ఇరవై ఆరు అందుకోవలసిన మనిషి కాబట్టి. మొదటి పూటే పనిలోకి దిగింది. హర్కబహదూర్ అని డెబ్భై ఏళ్ల ఆయన, తుంటి ఎముక విరిగి అతుక్కుంది గానీ నడక పోయింది. పొద్దున్నే ఆయన కొడుకు ఆయన్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి వీపున మోసుకొచ్చి వరండాలో దించాడు. నూకరత్నం భాష రాకపోయినా చేతులతోనే చెప్పి లేపింది, నిలబెట్టింది, నునుపైన వరండాలో నడిపించింది. మొదటిరోజు ఐదు అడుగులు, రెండోరోజు ఇరవై, మూడోరోజు నలభై. ముసలాయన చెప్పినవన్నీ చేసి, చేతులు జోడించి, బుట్టలో కూర్చుని వెళ్లిపోయేవాడు.

"నా అంచనా ప్రకారము నూట పది దాటినది" అన్నాడు పరాంకుశం గారు, ఆమె ముఖంలోకి పరీక్షగా చూసి.

నాలుగోరోజు హర్కబహదూర్ రాలేదు. మధ్యాహ్నానికి కళావతి వచ్చింది. ఆ పిల్లకి హిందీ బాగా వచ్చు, దానికి తోడు గేదె కనబడితే ఆగకుండా ఉండలేదు. ఊళ్లో గేదెలన్నిటినీ పలకరించి వస్తోంది.

"అక్కా, మీ తాత ఇంటికెళ్లాను. ఒకసారి నువ్వూ రావాలి."

సోమలింగం మాస్టారు కూడా వెంట వెళ్లాడు, వద్దని చెప్పడం రాక. ఇంటికి దారి అంటే రాతిమెట్లు. ఎక్కీ ఎక్కీ మాస్టారు రెండు వందల దగ్గర లెక్క వదిలేశాడు. పైన వాలులో ఒక ఇల్లు, పక్కన కొట్టం, కొట్టంలో ఒక గేదె. ఆ ఇంట్లో గాని, ముంగిట్లో గాని, నాలుగు అడుగులు చదునుగా నడిచే నేల లేదు.

"ఆయనకి నడక అక్కర్లేదట అక్కా" అంది కళావతి. "గేదె దగ్గర గొంతుక్కూచుని పాలు పితుక్కోవాలట. ఆరు నెలలుగా వేరేవాళ్లు పితుకుతుంటే ఇది సరిగ్గా చేపడం లేదు, పాలు ఎగబెడుతోంది. దీనికి ఆయన చెయ్యే కావాలి. ఆయనకీ అదే బెంగ."

"మరి మూడ్రోజులు నడిపిస్తే నడిచారేటి?"

కళావతి హిందీలో అడిగింది. ముసలాయన మొహమాటంగా నవ్వి, కొడుకు వీపు వైపు చూపించి ఏదో చెప్పాడు.

"అంత దూరం నుంచి వచ్చారు, పాపం చిన్నపిల్ల, కాదంటే చిన్నబుచ్చుకుంటావని వచ్చాడట."

నూకరత్నం మెట్ల మీద కూలబడింది. ఆమె ముఖం అలా పాలిపోవడం మాస్టారు నాలుగేళ్లలో చూడలేదు. పిల్లల ధైర్యం పెంచడానికి ఒక ముసలి మనిషి రోజూ అన్ని మెట్లు బుట్టలో దిగి, మళ్లీ ఎక్కాడు. ఎవరు ఎవరికి సేవ చేశారో మాస్టారికి చాలా స్పష్టంగా కనిపించింది, సిగ్గేసింది కూడా.

తర్వాత రెండు రోజులు ఆ కొట్టంలోనే గడిచాయి. నూకరత్నం ప్రతి కదలికకీ ముందు అడిగింది, కళావతి హిందీలోకి మార్చి చెప్పింది. పూర్తిగా గొంతుక్కూచోవడం ఆ తుంటికి కుదరదని తేలింది. ఎంత ఎత్తయితే నొప్పి లేదో జానతో కొలిచి, ముసలాయన కొడుకు చేత మూడు కాళ్ల పీట చేయించారు. గేదెని ఏ పక్కకి తిప్పి కట్టాలో కళావతి చూసింది. గేదె వెనక నిలబడి ఎవర్నీ తన్నకుండా కాపలా కాయడానికి అగ్నిమాపకం కుర్రాడు ముందుకొచ్చాడు, ఆ చదువు చదివినందుకు మొదటిసారి ఏదో ప్రమాదం ఆపుతున్నానని మురిసిపోతూ. ఆరోరోజు పొద్దున హర్కబహదూర్ పీట మీద కూర్చుని పొదుగు మీద చెయ్యి వేశాడు. కాసేపటికి గేదె చేపింది. చెంబులో సగానికి పాలు పడ్డాయి. వాటితో హోటల్ మేనేజ్‌మెంట్ కుర్రాడు టీ పెట్టాడు. నాలుగు వృత్తులూ ఒకచోట పనిచేసిన ఆ ఒక్క పూటా పరాంకుశం గారు కింద గ్రూపు ఫొటోకి బ్యానరు సరిచేయిస్తున్నాడు.

తిరుగు రైల్లో పత్రాలు పంచారు. తొమ్మిదిమందీ అలవాటు ప్రకారం నూరేసి రాసి నిద్రపోయారు. నూకరత్నం గోరఖ్‌పూర్ నుంచి మూడు గంటలు రాసింది. మాస్టారు కూడిచూస్తే అరవై ఒకటి.

"ఇదేమిటమ్మా? లేపి నిలబెట్టగలను అన్నదానికి కూడా మూడేనా?"

"లేపగలను సార్. కానీ లేపీముందు ఎందుకు లేపాలో అడగాలని నాకు తెలీదు. తెలీదని కూడా తెలీదు. అప్పుడు ఐదు రాయడం నిజమే, ఇప్పుడు మూడూ నిజమే."

పరాంకుశం గారు కాగితం చూసి టోపీ తీసేశాడు. "పెరుగుదల స్థానమున ముప్పదియైదు తరుగుదల. పట్టా నిలుపుదల చేయక తప్పదు" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది, పట్టిక పాడైనందుకు.

ఊరు చేరిన మర్నాడు సోమలింగం మాస్టారు ఓపీ గుమ్మంలో నిలబడ్డాడు. లోపల కూర్మయ్య కమ్మీలు పట్టుకోబోతుంటే నూకరత్నం ఆపింది.

"తాతా, నిన్నెప్పుడూ అడగలేదు. నీకు ఎక్కడికి నడవాలనుంది?"

కూర్మయ్య చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత చిన్నగా అన్నాడు: "పెరట్లో మరుగుదొడ్డికమ్మా. రెండు మెట్లున్నాయి. కోడల్ని పిలవాలంటే సచ్చేంత సిగ్గు. ఐదు నెల్లయింది, ఎవులూ అడగనేదు."

నూకరత్నం కమ్మీలు పక్కకి నెట్టి, మూలనున్న చెక్కపెట్టెలు రెండు ఒకదాని ముందు ఒకటి మెట్లలా పేర్చింది. ఒకటో తారీకు ఇంకా తొమ్మిది రోజుల్లో ఉంది. ఇంత పని నేర్చుకున్న పిల్ల, నేర్చుకున్నందుకే పట్టా లేకుండా ఇంట్లో కూర్చుంటుంది. మాస్టారికి కోపం వచ్చింది. కోపమంటే ఇలా ఉంటుందా అని ఆయనే కాస్త ఆశ్చర్యపోయాడు.

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గదిలో ఫోను మోగింది. ఆడిటువాళ్లు పరాంకుశం గారిని, నూటికి నూట ఇరవై ఆరు ఎక్కడ తయారవుతుందో చూపించమని రాతపూర్వకంగా అడిగారట. ఆయనే ఆ ఫోనులో, ఏదైనా మార్గము సూచించవలెనని ప్రార్థించాడు. నూకరత్నం కాగితాలు రెండూ సరిచూసి వివరణ రాయమని ప్రిన్సిపాల్ సోమలింగం మాస్టారికి పురమాయించి, గాభరాగా ఇంటికి వెళ్లిపోయాడు.

మాస్టారు నూకరత్నం పత్రాలు రెండూ బల్ల మీద పరిచాడు. తొంభయ్యారు మీద 'ముందు', అరవై ఒకటి మీద 'తరువాత'. రెండూ తన పెన్సిలు రాతే. రబ్బరు తీసి చెరిపేశాడు. పక్క గది గుమస్తా దగ్గర సిరా పెన్ను అడిగి తెచ్చుకుని, అరవై ఒకటి మీద 'ముందు' అనీ, తొంభయ్యారు మీద 'తరువాత' అనీ రాశాడు. ముప్పయ్యైదు పెరుగుదల. తర్వాత వివరణ మొదలుపెట్టాడు: "పై విషయమునకు సంబంధించి మనవి చేయునదేమనగా, పత్రములు రెండును విద్యార్థిని స్వహస్తముతో, మనస్సాక్షిగా పూరించినవే. వాటి ముందువెనుకలు మాత్రము ఇంతకుముందు పెన్సిలుతో గుర్తింపబడినందున విశ్వసింపదగినవి కావు. ఇప్పుడు సిరాతో స్థిరపరచడమైనది."

నూకరత్నం ఓపీ తాళాలు ఇవ్వడానికి వచ్చి అది చూసింది. ఆమె ముఖం మారింది.

"సార్, ఇది తారుమారు అయిపోయింది."

"రెండూ నువ్వు రాసినవేనా?"

"నావే."

"అందులో అబద్ధం ఏదైనా ఉందా?"

"నేదు సార్. కానీ ముందుది ముందు కదా."

"నువ్వు ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు. ఈ అబద్ధం నాది, సంతకం నాది, తప్పైతే శిక్ష నాది. నాలుగేళ్లు నీకు పాఠాలు చెప్పాను, ఒక్కటీ సరిగ్గా వినిపించలేదు. ఈ మాట వినమ్మా, వెళ్లి ఉద్యోగంలో చేరు."

ఈ మాటలు గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్‌కి కూడా వినిపించాయి.

నాలుగో రోజున యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది. ముప్పయ్యైదు మార్కుల వృద్ధి విదేశీ సేవాఫలమనీ, పెన్సిలు గుర్తులపై అనుమానము తమకు మొదటినుంచియు ఉన్నదనీ, నూట ఇరవై ఆరు ప్రస్తావన గల లేఖ అసలు పుట్టనే లేదని భావింపవలెననీ పరాంకుశం గారు రాశాడు. పట్టా అదే కవరులో ఉంది. నూకరత్నం కూర్మయ్యని మూడు వారాల తర్వాత ఆదివారం వచ్చి చూస్తానని చెప్పి, మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టి, విశాఖ బస్సెక్కింది.

ఇక మిగిలింది వెంట వెళ్లిన అధ్యాపకుడి 'తరువాత' పత్రం. సోమలింగం మాస్టారు తీరిగ్గా కూర్చుని పద్నాలుగో వాక్యం దాకా వచ్చాడు. సిరా పెన్నుతో ఐదు చుట్టాడు. దాన్ని తీసుకుని వెళ్లి తలుపు తట్టకుండానే లోపలికి నడిచి, ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాడు.

ప్రిన్సిపాల్ కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఐదు చుట్టారేమిటండీ? ఎవర్ని అడిగి చుట్టారు?"

"ఎవర్నీ అడగలేదండీ" అన్నాడు సోమలింగం మాస్టారు, పాఠం వేళయిందని బయటికి నడుస్తూ. ఆ రోజు వెన్నెముక ఆఖరి బెంచీ దాకా వినిపించింది.